అడుగులు ఆదా చేసిన కొట్టం

ఇంగ్లండు వెళ్ళినవాళ్ళు లండన్ వంతెనా, రాజుగారి కోటా చూసి వస్తారు. వీలైతే ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని కోల్స్‌హిల్ అనే పల్లెలో ఓ పశువుల కొట్టం కూడా చూడండి. నవ్వకండి! విక్టోరియా రాణి కాలంలో, 1850ల్లో రాడ్నర్ ప్రభువు కట్టించిన ఆదర్శ వ్యవసాయశాల అది. ఇప్పుడు నేషనల్ ట్రస్టు చూసుకుంటోంది.

దాని కిటుకంతా స్థలంలోనే ఉంది. దాన్ని వాలు నేల మీద కట్టారు. గడ్డివాములు పై అంచున. వాటి దిగువన నూర్పిడి చేసి, దాణా తయారుచేసే కొట్టు. ఆ దిగువన పశువుల పాకలు. అన్నిటికన్నా కింద పేడదిబ్బ. మేత పైనుంచి కిందికే దిగుతుంది కనుక బరువు నెత్తిన పెట్టుకుని ఎవరూ ఎక్కనక్కర్లేదు. పేడ మళ్ళీ పొలానికి ఎరువు. మనిషి శ్రమ తగ్గేలా ముందే ఆలోచించి గోడలు లేపారన్నమాట.

ఈ సంగతి తెలిశాక నా వంటింటికేసి చూసుకున్నాను. బియ్యం డబ్బా ఓ మూల, కుళాయి ఇంకో మూల, పొయ్యి ఎక్కడో! ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రి మావారిని అడిగాడేగాని, రోజంతా అందులో తిరిగే నన్ను అడగలేదు. నేనూ నోరు విప్పలేదు.

మీరు ఇల్లు కట్టించుకుంటుంటే ముందు మీ అడుగులు లెక్కపెట్టుకోండి. ముగ్గు పోయించడం ఆ తర్వాతే!