డైరీలో నేను రాసిన రిమార్కు



ఈ ఏడాది జులైలో ఎనిమిదో తరగతి పాప డైరీలో ఎర్ర ఇంకుతో ఒక మాట రాశాను: "రాయడానికి బద్ధకం. ఫస్ట్ పీరియడ్ నోట్స్ ఎప్పుడూ పూర్తి చేయదు."

మర్నాడు వాళ్ళమ్మగారు ఒక ఫైలు పట్టుకుని వచ్చారు. "బద్ధకం కాదు మేడమ్. పొద్దున్నే దాని వేళ్ళు ముడుచుకోవు. పది దాటితే గానీ పట్టు వదలదు" అన్నారు. ఫైలులో జువెనైల్ ఆర్థరైటిస్ అని ఉంది. అంటే పిల్లలకు వచ్చే కీళ్ళవాతం. బయాలజీ చెప్పే నేను కూడా అది పెద్దవాళ్ళ జబ్బనే అనుకునేదాన్ని. చాలా సిగ్గేసింది.

వాళ్ళమ్మగారి ముందే పాపకు సారీ చెప్పాను. అది నవ్వేసి, "మేడమ్, తెల్ల రక్తకణాలు మన సైనికులని చెప్పారు కదా! మరి నన్నే ఎందుకు కొడుతున్నాయి?" అని అడిగింది. "రెండు రోజులు టైమివ్వు, చదివి చెబుతాను" అన్నాను.

చదివాక తెలిసింది ఇది. తెల్ల రక్తకణాల్లో టీ కణాలు ఒక రకం. ఇవి ఎముక మజ్జలో పుట్టి, గుండెకు పైనుండే థైమస్ గ్రంథిలో తయారవుతాయి. బయటికి వచ్చిన కొత్త టీ కణం ఇంకా ఏ పనీ ఖాయం చేసుకోదు. చుట్టూ ఉన్న కణాలు పంపే రసాయన కబుర్లను బట్టి మారుతుంది. ఆ కబుర్లనే సైటోకైన్లు అంటారు. ఎలుకల కణాలపై చేసి 2006లో ప్రచురించిన పరిశోధనల్లో ఒక సంగతి బయటపడింది. టీజీఎఫ్-బీటా అనే కబురు అందిన కణం, గొడవను చల్లార్చే రెగ్యులేటరీ టీ కణం అవుతుంది. దానితో పాటు ఇంటర్‌ల్యూకిన్-6 కూడా అందితే, అదే కణం వాపును పెంచే టీహెచ్-17 కణంగా మారుతుంది. కీళ్ళవాతంలో ఈ తూకం చెడితే కీళ్ళు వాస్తాయి. ఆ చల్లార్చే కణాల గురించి కనిపెట్టినందుకే మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగూచిలకు 2025లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. ఇంటర్‌ల్యూకిన్-6 కబురు కణాలకు అందకుండా అడ్డుకునే టోసిలిజుమాబ్ అనే మందును కొందరు పిల్లలకు ఇప్పటికే వాడుతున్నారు.

ఇదంతా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. పాప కాసేపు ఆలోచించి, "అయితే అవి చెడ్డవి కావు మేడమ్, వాటికి తప్పు కబురు అందింది" అంది. నా ఎర్ర ఇంకు రిమార్కు గుర్తొచ్చి నేనేమీ మాట్లాడలేకపోయాను.

ఇప్పుడు ఫస్ట్ పీరియడ్ నోట్స్ పాపకు జిరాక్స్ ఇస్తున్నాం. శనివారం రాత్రి మెథోట్రెక్సేట్ వేసుకుంటుంది కాబట్టి, సోమవారం వికారంగా ఉందంటే టెస్ట్ మంగళవారం పెడుతున్నాను.

మీకు ఒక మనవి. మీ పిల్లలు పొద్దున లేవగానే కీళ్ళు బిగిసిపోయాయన్నా, కుంటుతున్నా, ఏదైనా కీలు వాచి తగ్గకపోయినా "ఎదిగే వయసు నొప్పులు" అని వదిలేయకండి, డాక్టరుకు చూపించండి. ఈ వాపు 6 వారాలు దాటి ఉంటే పిల్లల కీళ్ళవాతమేమో అని డాక్టర్లు చూస్తారు. జబ్బు ఉన్న పిల్లలకు కళ్ళ పరీక్ష కూడా తప్పనిసరి. కొందరికి ఏ నొప్పీ తెలియకుండానే కంటి లోపల వాపు వస్తుంది. ఇది అంటువ్యాధి కాదు, పక్కన కూర్చుంటే రాదు.

జబ్బు సంగతి మాకు చెప్పడానికి మొహమాటపడకండి. మీరు ముందే చెబితే, మేము తొందరపడి డైరీలో తప్పు మాట రాయకుండా ఉంటాం. ఆ పాప, వాళ్ళమ్మగారు ఒప్పుకున్నాకే ఇది మీతో పంచుకుంటున్నాను.