తడి లేని లీకు

మెకానికల్ బ్రాంచిలో సీటు వచ్చిన రోజు నుంచి మా ఇంట్లో ఏది చెడిపోయినా అందరి చూపూ నా వైపే. మిక్సీ తిరగకపోయినా, గ్యాస్ పొయ్యి సరిగ్గా మండకపోయినా "ఇంజనీరింగ్ చదువుతున్నవు కదా, చూడు" అంటారు. బ్రాంచి ఏదైనా మీ ఇళ్లలోనూ ఇదే వరస అయ్యుంటుంది. ఈసారి దసరా సెలవులకు బాన్సువాడ వెళ్లేసరికి నా వంతుకు వచ్చింది నీళ్ల మోటరు.

మా ఊరికి నీళ్ల కరువేమీ లేదు. పక్కనే మంజీర. ఎగువన 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్. నవాబ్ అలీ నవాజ్ జంగ్ అనే ఇంజనీరు పర్యవేక్షణలో కట్టిన ఆ ప్రాజెక్టు నుంచి కాలువ నీళ్లు ఏ మోటరూ లేకుండా, ఉత్త పల్లాన్ని నమ్ముకుని పొలాలకు చేరతాయి. మా తిప్పలంతా ఇంట్లో, ఎనిమిది మీటర్ల ఎత్తు దగ్గర. నల్లా నీళ్లు వాకిట్లో ఉన్న సంపులో పడతాయి. అక్కడి నుంచి మేడ మీది ట్యాంకుకు ఎక్కించాలంటే మోటరు తప్పదు.

ఆ మోటరు ఎండాకాలం నుంచే మొరాయిస్తోంది. మొదట్లో పొద్దుగాల లేవగానే మూత తిప్పి రెండు చెంబుల నీళ్లు పోస్తే తప్ప అందుకునేది కాదు. "నీళ్లు పోసినోళ్లకే నీళ్లు పోస్తదట, గిదేం మోటరు?" అని నాయనమ్మ విసుక్కునేది. మెకానిక్ వచ్చి సంపు అడుగున ఉండే ఫుట్ వాల్వు మార్చాడు. నీళ్లు పోసే బాధ తప్పింది. అసలు బాధ మాత్రం అలాగే ఉంది. మోటరు వేసిన కాసేపు ట్యాంకులో ధార మంచిగా పడుతుంది, తర్వాత సన్నబడుతుంది, ఆ తర్వాత కక్కుతూ దగ్గుతూ పడుతుంది. రెండోసారి మెకానిక్ కెపాసిటర్ మార్చాడు. ఫలితం లేదు. మూడోసారి వచ్చి, మోటరు పాతదైంది, కొత్తది వేసుకోండి, ఎనిమిది వేలు అవుతుందన్నాడు.

ఎనిమిది వేలు మా ఇంట్లో చిన్న మాట కాదు. బాపు దుబాయిలో ఉంటాడు. అమ్మ బీడీలు చేస్తుంది. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి, చెయ్యి ఆగితే కూలీ ఆగినట్టే. ఇరవై నిమిషాల్లో నిండాల్సిన ట్యాంకుకు గంట దాటుతుంటే, నీళ్లు లేకుండా మోటరు ఉత్తగా తిరిగి కాలిపోతుందేమోనని అమ్మ దాన్ని కనిపెట్టుకుని కూర్చునేది. చాట తెచ్చుకుని మోటరు పక్కనే తునికాకు కత్తిరించుకునేది. శబ్దం మారినప్పుడల్లా లేచి ఆపడం, కాసేపాగి మళ్లీ వెయ్యడం. సంగతి తెలిసి బాపు ఫోనులో "కొత్తదే తెచ్చుకోండ్రి, ఈ నెల ఓటీ చేస్త" అన్నాడు. ఓటీ అంటే పన్నెండు గంటల డ్యూటీ. నేను చూసేదాకా ఆగమని చెప్పాను.

క్లాసులో సమస్య ఇచ్చినప్పుడు కావలసిన విలువలన్నీ ప్రశ్నలోనే ఉంటాయి. ఇంట్లో అవి ఎవరో ఒకరిని అడిగి తెచ్చుకోవాలి. మా ఇంట్లో ఆ మోటరుతో ఎక్కువ కాలం గడిపింది అమ్మే. అందుకే స్పానర్ పట్టుకోకముందే అమ్మను అడిగాను, ఎప్పుడు సన్నబడుతుందని. అమ్మ ఆలోచించాల్సిన పని లేకుండా చెప్పింది: "సంపు నిండుగ ఉన్నప్పుడు మంచిగనే ఎక్కుతయి బిడ్డా. నీళ్లు సగానికి దిగినంక మోటరు ఒర్లుడు మారుతది. ఇగ అప్పటి సంది సన్నగైతయి."

ఈ రెండు ముక్కలతో అనుమానితుల్లో సగం మంది విడుదలైపోయారు. కెపాసిటర్‌కు సంపులో ఎన్ని నీళ్లున్నాయో తెలియదు. వోల్టేజీకీ తెలియదు. అయినా మల్టీమీటర్ పెట్టి చూశాను, 220 దగ్గరే నిలకడగా ఉంది. లోపల తిరిగే ఇంపెల్లర్ అరిగిపోతే మొదటి నిమిషం నుంచే ధార సన్నగా పడాలి. ఫుట్ వాల్వు నీళ్లపైకి తేలి గాలి మింగుతోందా అంటే, సగం సంపు దగ్గర కూడా అది అడుగున్నర లోతులోనే ఉంది. సంపులో నీళ్లు దిగేకొద్దీ ముదిరే జబ్బు ఒక్కటే మిగిలింది. సంపుకూ మోటరుకూ మధ్య పైపులో ఎక్కడో గాలి దూరుతోంది.

ఇక్కడ మన భాష మనల్ని కొంచెం తప్పుదారి పట్టిస్తుంది. మోటరు నీళ్లను గుంజుతుంది అంటాం. నిజానికి గుంజేదేమీ లేదు. మోటరు తన ముందున్న నీళ్లను విసిరేసి అక్కడ పీడనం తగ్గిస్తుంది, అంతే. సంపులో నీటి మీద కూర్చున్న గాలి ఆ నీళ్లను పైపులోకి తోస్తుంది. ఆ గాలి బలానికి హద్దు ఉంది. సముద్రమట్టం దగ్గర అది దాదాపు 10.3 మీటర్ల నీటి స్తంభాన్ని మాత్రమే నిలబెట్టగలదు. అందుకే భూమి మీద పెట్టిన మోటరు ఎన్ని హార్స్‌పవర్‌లదైనా, ఆచరణలో ఏడెనిమిది మీటర్ల కంటే లోతు నుంచి నీళ్లు తేలేదు. లోతు బోర్లలో మోటరునే నీళ్లలోకి దించేది ఇందుకే.

1638లో గెలీలియో అచ్చు వేసిన పుస్తకంలో ఇలాంటి ముచ్చటే ఉంది. అందులో సగ్రెడో అనే పాత్ర తాను చూసిన ఒక పంపు గురించి చెబుతాడు. తొట్టిలో నీళ్లు ఒక మట్టం కంటే పైన ఉన్నంతసేపు పంపు బాగానే పనిచేసేది, మట్టం దిగితే ఆగిపోయేది. పంపు చెడిపోయిందనుకుని పనివాణ్ణి పిలిపిస్తే, లోపం పంపులో లేదు, నీళ్లు మరీ కిందికి పోయాయి, 18 మూరలు దాటితే ఎవరి పంపూ ఎత్తలేదని అతను తేల్చేస్తాడు. కారణం గెలీలియోకు సరిగ్గా చిక్కలేదు. ఆయన శిష్యుడు టారిచెల్లి 1640లలో పాదరసం గొట్టంతో అది గాలి బరువు పని అని చూపించాడు. ఈ కథలో నాకు నచ్చేది ఆ పేరు లేని పనివాడు. సిద్ధాంతం రాకముందే, రోజూ పంపుతో ఉండే మనిషికి మట్టం సంగతి తెలుసు. మా అమ్మకు తెలిసినట్టే.

మా సంపు అంత లోతేమీ కాదు. నిండుగా ఉంటే మోటరు నుంచి నీటి మట్టం మీటరు కూడా ఉండదు, కిందికి పోతే రెండు మీటర్లు దాటుతుంది. ఆ రెండు మీటర్ల తేడాతో పైపు బయట పీడనం ఎక్కువ, లోపల తక్కువ. దారి దొరికితే గాలి ఆగుతుందా? ఘర్షణ వదిలేసి బెర్నూలీ సూత్రంతో లెక్క వేస్తే, వెంట్రుకంత సందులోంచైనా సెకనుకు 150 మీటర్లు దాటిన వేగంతో గాలి లోపలికి దూసుకొస్తుంది. నీటి కంటే సుమారు 800 రెట్లు తేలికైన ఆ గాలిని ఇంపెల్లర్ విసరలేదు. అది మధ్యలో తిష్ఠ వేసుకుని కూర్చుంటే నీళ్లకు చోటుండదు. మోటరు తిరుగుతూనే ఉంటుంది, ధార పడదు.

చిక్కేమిటంటే ఈ లీకుకు తడి ఉండదు. లీకు అనగానే మన కళ్లు చెమ్మ కోసం వెతుకుతాయి. మోటరు నడుస్తున్నంతసేపు ఇక్కడ నీళ్లు బయటికి రావు, గాలే లోపలికి పోతుంది. పైపంతా పొడిగా, అమాయకంగా కనిపిస్తుంది.

దాన్ని పట్టుకోవడానికి అమ్మను గోధుమపిండి ముద్ద అడిగాను. "మోటరుకు రొట్టెలు పెడ్తవా?" అంది నాయనమ్మ. సంపు సగానికి దిగాక మోటరు వేసి, చెల్లెను మేడ మీద ట్యాంకు దగ్గర నిలబెట్టాను. సంపు వైపు పైపుకున్న జాయింట్ల చుట్టూ పిండి అద్దుతూ వచ్చాను. మొదటి రెండు జాయింట్ల దగ్గర ఏ మార్పూ లేదు. మోటరుకు ఆనుకుని ఉన్న యూనియన్ చుట్టూ అద్దగానే పిండి సన్నగా లోపలికి లాక్కున్నట్టయింది. మోటరు శబ్దం చిక్కబడింది. పైనుంచి చెల్లె అరిచింది: "మంచిగ పడ్తున్నయ్!"

నమ్మకం కోసం ఇంకో పరీక్ష చేశాను. మోటరు ఆపి, పిండి తుడిచి, ఆ యూనియన్‌ను గుడ్డతో పొడిగా చేసి చూస్తూ కూర్చున్నాను. మోటరు ఆగితే, కొత్త ఫుట్ వాల్వు నీళ్లను కిందికి పోనివ్వదు కాబట్టి, పైన ట్యాంకు దాకా ఉన్న నీటి బరువంతా ఈ జాయింట్ల మీదే పడుతుంది. అప్పుడు అదే సందులోంచి నీరు బయటికి రావాలి. అయిదు నిమిషాలకు ఒక చుక్క ఊరింది. గిన్నెలు కడిగే చోటు కావడంతో అక్కడ నేల ఎప్పుడూ తడే, ఆ చుక్కను ఎవరూ పట్టించుకోలేదు.

మెయిన్ ఆపేసి యూనియన్ విప్పితే, లోపలి రబ్బరు రింగు ఎండకు గట్టిపడి ఒకచోట చిట్లి ఉంది. మోటరు కింది బోల్టు ఒకటి వదులై, అదిరినప్పుడల్లా ఆ రింగునే నలుపుతోంది. కొత్త రింగు, టెఫ్లాన్ టేపు కలిపి 50 రూపాయలు కూడా కాలేదు. బోల్టు బిగించి, పైపు కింద ఒక ఇటుక ఆనించాను. ఆ సాయంత్రం ట్యాంకు 21 నిమిషాల్లో నిండింది. సంపు అడుగుకు దిగినా ధార మారలేదు. టైము చూసింది అమ్మే, మోటరు పక్కన కూర్చోకుండా, అరుగు మీద చాట ముందు నుంచి.

రాత్రి బాపుకు వీడియో కాల్ చేసి పాత రింగు చూపించాను. "గింత దానికా?" అని చాలాసేపు నవ్వాడు. మరి ఓటీ సంగతేంటని అమ్మ అడిగింది. అప్పటికే నాలుగు రోజులు చేసేశాడట. అవి చెల్లె ఫీజుకు పోతాయి, రేపటి నుంచి టైముకే రూముకు వచ్చి పడుకుంటానన్నాడు.