ఏటేటా లేచే పొద్దుతిరుగుడు

పొద్దుతిరుగుడు అనగానే మనకి గుర్తొచ్చేవి పళ్ళెమంత పువ్వు, వంటింట్లో నూనె డబ్బా. కానీ ఈ మొక్క మన నేలది కాదు. ఈ జాతిలో ఉన్న యాభై దాకా రకాలకీ పుట్టిల్లు ఉత్తర అమెరికాయే. ఇక్కడి ఆదివాసులు వేల ఏళ్ళ క్రితం సాగులోకి తెచ్చిన పువ్వు స్పెయిన్ వాళ్ళ ద్వారా యూరప్ చేరింది. రష్యాలో నూనె పంటయింది. అక్కడి నుంచి 1969లో నూనెగింజల పంటగా మన దేశానికి వచ్చింది. అది అటు వెళ్ళింది, మనం ఇటు వచ్చాం!

మా నాయన నంద్యాల దగ్గర నల్లరేగడిలో చాలా ఏళ్ళు ఆ పంట వేశారు. అమ్మ పోయిన ఏడాది, ఒక్కరే ఎలా ఉంటారని డాలస్ పిలిపించుకున్నాం. పగలంతా టీవీ, సాయంత్రం వీధి చివరిదాకా నడక. మా పిల్లలతో మాట్లాడాలని ఆయనకి ఎంత ఉన్నా "బాగున్నావా తాతా" దగ్గరే వాళ్ళ తెలుగు ఆగిపోయేది.

సెప్టెంబరు చివర్లో పెరటి కంచె పక్కన మాక్సిమిలియన్ పొద్దుతిరుగుడు పూసింది. 1832-34 మధ్య ఈ ఖండంలో పర్యటించిన జర్మన్ రాకుమారుడు, ప్రకృతి పరిశోధకుడు మాక్సిమిలియన్ పేరు దానికి పెట్టారు. కెనడా నుంచి టెక్సాస్ దాకా గడ్డి మైదానాల్లో తనంతట తానే పెరిగే మొక్క. మనిషిని మించిన ఎత్తు. సన్నటి పొడుగాటి ఆకులు, దోనెలా మడిచి కిందికి వంచినట్టుంటాయి. కాండం పొడుగునా రెండు మూడంగుళాల పసుపు పూలు.

నాయన ఒక పువ్వు తెంపి పిల్లల్ని పిలిచారు. "ఇది ఒక పువ్వు కాదబ్బీ, పూల గుంపు" అంటూ విడదీసి చూపించారు. అంచున రేకుల్లా కనిపించేవీ పూలే, కానీ వాటికి గింజ పట్టదు. మధ్యలో ఉన్న చిట్టి పూలకే గింజలు.

తర్వాత మొదట్లో మట్టి తవ్వి చూసి ఆశ్చర్యపోయారు. "మన పైరు మూడు నెలల్లో ఉన్నదంతా గింజకే పెట్టి ఎండిపోతాది. ఇది గింజ చిన్నగా ఇచ్చి, మిగతాది ఏరులో దాపెట్టుకుంటాది." నిజమే. చలికాలం పైనంతా ఎండిపోయినా, భూమిలోని దుంపవేరు బతికే ఉండి వసంతంలో మళ్ళీ మొలకలు వేస్తుంది. ఏటా దున్ని విత్తక్కర్లేని పంటల కోసం కాన్సస్‌లోని సలైనాలో 1976లో మొదలైన లాండ్ ఇన్‌స్టిట్యూట్ ఈ మొక్కని కూడా పరిశీలించింది. ఆ మాట చెబితే నాయన చాలాసేపు వివరాలడిగారు.

ఇక్కడే ఉండిపొమ్మని ఆయన్ని బతిమాలాం. "పొలం కౌలుకిచ్చి వచ్చినానే గానీ, ఇడిసిపెట్టి రాలేదమ్మా" అన్నారు. నవంబరులో బయల్దేరుతూ పిల్లలకి పని అప్పగించారు: "ఎండిన కాడల్ని అప్పుడే కొయ్యొద్దు. పిట్టలు గింజలు తిన్నాక జానెడు ఉంచి కొయ్యండి."

మార్చి నుంచి ప్రతి ఆదివారం ఫోన్లో ఆయన మొదటి ప్రశ్న "మొలక లేచిందా?" అనే. పిల్లలు పెరట్లోకి పరుగెత్తి, ఎన్ని లేచాయో, ఎంతెత్తు పెరిగాయో చెబుతారు. కాడ, మొగ్గ, పుప్పొడి అనే మాటలు వాళ్ళకి నేను నేర్పినవి కావు. ఆయన అక్కడ, వీళ్ళిక్కడ ఉన్నా, మాట్లాడుకోవడానికి ఇద్దరికీ ఒక సంగతి దొరికింది. నాకదే పదివేలు.

పిల్లలూ, మీ ఊరి వాతావరణానికి సరిపడితే మీరూ నాటండి. వేరువేరు గింజల నుంచి వచ్చిన మొక్కలు కనీసం రెండైనా ఉండాలి. తేనెటీగలు పక్క మొక్క పుప్పొడి తెస్తేనే గింజ బాగా పడుతుంది. మొదటి ఏడు పూయకపోతే దిగులుపడకండి, లోపల వేరు బలపడుతోందన్నమాట. మొలక లేవగానే మీ తాతయ్యకో అమ్మమ్మకో ఫోన్ చేసి తెలుగులో చెప్పడం మాత్రం మరిచిపోకండి.