పెట్టె మాది, విమానం పరులది

విమాన ప్రయాణాన్ని గురించి కళాశాల సంచికలో వ్రాయటం ఒకప్పుడైతే గొప్పలు చెప్పుకోవటం క్రింద జమ అయ్యేది. నేడు మన కళాశాలలో చదివిన పిల్లలే సముద్రాలు దాటి పోతున్నారు. వారిని చూసి రావటానికి తల్లిదండ్రులూ పోతున్నారు. కావున మేము వ్రాయబోయేది గొప్ప కాదు, ఒక చిన్న పరాభవం. ఏదైనా అనుభవం వ్రాయవలసినదిగా సంచిక వారు కోరినప్పుడు మేము భాషా బోధనను గురించి వ్రాద్దామనుకొన్నాము. మా శ్రీమతి విని, "అది ఎవరు చదువుతారండీ? ఆ బొంతల సంగతి వ్రాయండి" అన్నది.

2023 అక్టోబరులో మేము దంపతులం చికాగోలో మా అబ్బాయి ఇంట ఉన్నాము. మా అమ్మాయి టొరంటోలో ఉంటుంది. ఆమెకు నెలలు నిండినవి. తొలి పురుడు పుట్టింట జరగటం మన ఆచారం. పుట్టిల్లు కర్నూలులోనూ పురుడు కెనడాలోనూ అయినప్పుడు, పుట్టింటినే పెట్టెలో పెట్టుకొని పోవలసి వస్తుంది. మా శ్రీమతి చేసినది అదే. గోందు, శొంఠి, వాము, ఖర్జూరం, బాదం, ఇంకా అచ్వానీకి కావలసినవన్నీ కట్టుకొన్నది. పాత నూలు చీరెలు నాలుగేసి పొరలుగా పరచి, చేతితో కుట్టిన బొంతలు అయిదు. అందులో రెండు మా అత్తగారి చీరెలతో కుట్టినవి. ఆమె పోయి ఆరేండ్లయినది. ఆ చీరెలు ఎందుకు దాచిపెట్టినదో అప్పుడే మాకు తెలిసినది.

హైదరాబాదు నుండి చికాగో వరకు ఈ సామానుతో మాకు ఇబ్బంది లేదు. ఆ టిక్కెట్టులోనే మనిషికి 23 కిలోల పెట్టెలు రెండేసి ఉన్నవి. చికాగో నుండి టొరంటోకు మాత్రం లెక్క వేరు. మన దేశంలో లోపలి విమానాలలో సాధారణంగా 15 కిలోల సామాను టిక్కెట్టుతోనే పోతుంది గనుక మనవారికి ఇది వింతగా తోస్తుంది. అమెరికాలో 2008లో, చమురు ధర మండిపోతున్న రోజులలో, అమెరికన్ ఎయిర్‌లైన్స్ మొదటి పెట్టెకే 15 డాలర్లు వసూలు చేయటం ఆరంభించినది. తక్కిన పెద్ద సంస్థలు చాలా వరకు అదే దారి పట్టినవి. చమురు ధర తరువాత దిగినది. పెట్టె రుసుము దిగలేదు సరికదా, పెరిగినది. ఆ పిమ్మట ఆ సంస్థలే, బ్యాంకులతో కలిసి ఇచ్చే తమ క్రెడిట్ కార్డులను చూపి, 'మా కార్డు తీసుకొంటే మొదటి పెట్టె ఉచితం' అని ఆశ చూపినవి. తామే రుసుము పెట్టి, తామే మినహాయించి, ఆ మినహాయింపును సరుకుగా అమ్మటం! వ్యాపార శాస్త్రం చదివే విద్యార్థులు దీనిని ఆలోచించదగును.

మా అబ్బాయి వద్ద అటువంటి కార్డు ఒకటి ఉన్నది. దానికి ఏటేటా చందా వంటిది కడతాడు. అతడూ మాతో వస్తున్నాడు. ఆ కార్డుతో టిక్కెట్టు కొని, తన సభ్యత్వ సంఖ్యను టిక్కెట్టులో చేర్పిస్తే, కార్డుదారునికి ఒక పెట్టె, అదే టిక్కెట్టు మీద వచ్చే తోడుకు ఒక పెట్టె ఉచితమని దాని నిబంధన. అతడు అన్నీ చేశాడు. ప్రయాణానికి ముందు రాత్రి తల్లీ కొడుకులు పెట్టెలను చేతిత్రాసుకు తగిలించి ఎన్నిసార్లు తూచారో లెక్క లేదు. ఒకటి 22 కిలోలు, మరొకటి 23కు వెంట్రుకవాసి తక్కువ.

"ఉచితమంటే ఉచితమేనా బేటా?" అని తల్లి అడిగినది.

"అవును అమ్మీ. నా కార్డు ఉంది కదా" అన్నాడు మా అబ్బాయి.

ఆ మాటలో కొంచెం గర్వం ఉన్నది. ఉండవలసినదే. తల్లిదండ్రులకు తన సంపాదనతో ఏదో ఒక సౌకర్యం కల్పించగలిగితినని ఏ కొడుకుకు గర్వం ఉండదు?

మరునాడు విమానాశ్రయంలో, కార్డు ఇచ్చిన సంస్థ వరుసలో నిలబడ్డాము. మా వంతు వచ్చినది. అక్కడి ఉద్యోగి టిక్కెట్టు చూసి, ఈ విమానం తమ భాగస్వామి నడిపేది, ఆ వరుసకు పొమ్మన్నాడు. టిక్కెట్టు మీద సంస్థ పేరు, విమాన సంఖ్య అన్నీ ఈ సంస్థవే. క్రింద మాత్రం సన్నని అక్షరాలలో నడిపేవారి పేరు వేరే ఉన్నది. సరే, అంత దూరం పెట్టెలు దొర్లించుకొంటూ పోయాము. అక్కడి అమ్మాయి పెట్టెలు త్రాసు మీద పెట్టించి, ఒక్కొక్క దానికి 35 డాలర్ల పైచిలుకు అడిగినది.

మా అబ్బాయి కార్డు చూపించాడు. ఆమె చాలా మర్యాదగానే చెప్పినది: "ఇది వారి కార్డు. వారు నడిపే విమానాలకే దీని సౌకర్యం వర్తిస్తుంది. ఈ విమానం మేము నడుపుతున్నాము."

"టిక్కెట్టు వారిదే కదా! మీరూ వారూ భాగస్వాములే కదా!"

"టిక్కెట్టు వారిదే. విమానం మాది."

ఇంగ్లీషు రాకపోయినా మా శ్రీమతికి సంగతి తెలిసిపోయినది. కొడుకు ముఖం చూస్తే చాలు. "ఎంతట?" అని అడిగినది. చెప్పక తప్పలేదు. రెండింటికీ కలిపి సుమారు 6000 రూపాయలని మనసులో కట్టుకొని, ఒక్క క్షణం మాట్లాడలేదు. తరువాత ఒక పెట్టెను ప్రక్కకు లాగి, అక్కడే గచ్చు మీద కూర్చుండి తాళం తీయటం మొదలు పెట్టినది. ఒక పెట్టెకే డబ్బు కడదాం, రెండవ దానిలోవి చేతిసంచులలో సర్దుకొందాం అని ఆమె ఆలోచన. శొంఠి పొట్లాలు బయటికి వచ్చినవి. పసిబిడ్డ టోపీలు వచ్చినవి. బొంతలు వచ్చినవి. మా వెనుక వరుస పెరుగుతున్నది. "అమ్మీ, మీరు లేవండి, నేను కడతాను, లేవండి" అని అబ్బాయి బ్రతిమాలుతున్నాడు. మేము మాత్రం ఏమీ చేయక నిలబడి ఉన్నాము. ఆ వరుసలో మమ్ములను ఎరిగినవారెవరూ లేరు. అయినా తల దించుకొన్నాము.

చివరకు రెండు పెట్టెలకూ అతడే చెల్లించాడు. చెల్లించినది ఆ కార్డుతోనే! మా శ్రీమతి మళ్ళీ అన్నీ సర్దినది గాని, తన తల్లి చీరెల బొంతలు రెండూ పెట్టెలో పెట్టలేదు. పరాయివాళ్ళ విమానమట కదా, వారి చేతికి వీటిని ఇవ్వను, అన్నది. ఆ రెండు బొంతలను చేతి మీద వేసుకొని టొరంటో దాకా వచ్చినది.

అసలు పరాభవం ఇంకా చెప్పలేదు. దానికి కర్తలము మేమే. టొరంటోలో అల్లుడు కారులో ఎక్కించుకొని ఇంటికి తీసుకొని పోతుండగా, మేము అబ్బాయిని ఉద్దేశించి, "ఇంత చదువు చదివావు, ఒక్క పంక్తి చదవలేకపోయావా?" అన్నాము. బావ ఎదుట అతడు మారు పలుకలేదు. 30 ఏండ్లు పాఠం చెప్పిన నోరు గనుక ఆ మాట తడుముకోకుండా వచ్చినది. ఆ టిక్కెట్టు ప్రతి మా జేబులో కూడా ఉన్నదనీ, ఆ సన్నని పంక్తిని మేము కూడా చదవలేదనీ తరువాత గుర్తుకు వచ్చినది.

ఆ రాత్రి అతడు కార్డు నిబంధనలు తీసి మాకు చదివి వినిపించాడు. అంతా అక్కడే ఉన్నది. సంస్థ తాను నడిపే విమానాలలో మాత్రమే ఉచితం. భాగస్వాములు నడిపే విమానాలకు, అవి తన సంఖ్య మీద పోయినా సరే, వర్తించదు. అమెరికాలోని ఇతర పెద్ద సంస్థల కార్డులలోనూ దాదాపు ఇదే షరతు. కొన్నింటిలో దేశం లోపలి ప్రయాణాలకే పరిమితం. మాకు మొదట ఇది మోసమనిపించినది. ఆలోచించగా, మోసం కాదు గాని, 'భాగస్వామి' అనే మాటను మేము మన అర్థంలో తీసుకొన్నామని తెలిసినది. మన బజారులో ఇద్దరు కలిసి దుకాణం పెడితే లాభంలోనూ అప్పులోనూ ఇద్దరూ ఉంటారు. విమాన సంస్థల పొత్తు అటువంటిది కాదు. ఒకరి సీట్లు మరొకరు అమ్ముకోవచ్చును. కార్డు మాత్రం ఒక బ్యాంకుకూ ఒక్క సంస్థకూ మధ్య జరిగిన ఒప్పందం. బ్యాంకు ఇచ్చే డబ్బు ఆ సంస్థకే చేరుతుంది. ఆ రోజు మా పెట్టెలను మోసినవాడికి అందులో పైసా లేదు. మోసినవాడు కూలి అడిగితే తప్పు పట్టలేము.

మన విద్యార్థులకు బస్సు పాసుతో చెబితే సులువు. ఆర్టీసీలో అద్దె బస్సులు ఉన్నవి. బస్సు ప్రైవేటువారిది, కండక్టరు ఆర్టీసీ మనిషి; పాసు చెల్లుతుంది. అదే కర్నూలు, బళ్ళారి రోడ్డు మీద కర్ణాటక బస్సు వస్తే, రోడ్డు అదే, ఊళ్ళు అవే; పాసు చెల్లదు. మా అబ్బాయి ఎక్కినది పేరుకు మన బస్సు, నిజానికి కర్ణాటక బస్సు.

ఇందులో ఒక తిరకాసు ఉన్నది. అది మాకు చాలా రోజులు నవ్వు తెప్పించినది. అమెరికా ప్రభుత్వ రవాణా శాఖ నియమం ప్రకారం, ఆ దేశంలో మొదలయ్యే లేక ముగిసే ప్రయాణంలో, ఒకరు అమ్మి మరొకరు నడిపే విమానానికి సామాను రుసుము అమ్మినవారి పట్టిక ప్రకారమే ఉండవలెను. అనగా ఆనాడు ఆ కౌంటరులో మేము కట్టినది నడిపినవారి ధర కాదు, కార్డు ఇచ్చినవారి ధరే! రుసుము మాత్రం అక్కడిదాకా ప్రయాణం చేసి వచ్చినది. మినహాయింపు ఇంటివద్దనే ఆగిపోయినది.

పొత్తు విమానంలో కూడా చెల్లే సౌకర్యం వేరే ఒకటి ఉన్నది. తరచు ప్రయాణం చేసేవారికి ఇచ్చే హోదా అది. 1997లో అయిదు సంస్థలతో ఏర్పడిన స్టార్ అలయన్స్‌లో (మన ఎయిర్ ఇండియా 2014లో చేరినది అందులోనే) గోల్డ్ హోదా గలవారికి సాధారణంగా ఏ సభ్య సంస్థ విమానంలోనైనా ఒక పెట్టె అదనం. ఆ మాట సభ్యులందరూ కలిసి ఇచ్చినది. కార్డు చందా కట్టినంత మాత్రాన ఆ హోదా రాదు. మా అబ్బాయి ఈ రెండింటినీ ఒకటిగా భావించాడు. అటువంటి వారు అతడొక్కడే కాదని తరువాత మిత్రులతో మాట్లాడినప్పుడు తెలిసినది.

మరునాడు ఉదయం అతడు వంటింట్లో టీ కాచుకొంటుండగా వెళ్ళి, "నిన్న కారులో అన్న మాట తప్పు" అని చెప్పాము. అతడు, "పోనీయండి అబ్బా" అన్నాడు. అంతకు మించి మా ఇద్దరి మధ్య ఆ ప్రసక్తి రాలేదు. నాలుగవ నాడు మనుమడు పుట్టాడు. ఛఠీ నాడు వాడిని పడుకోబెట్టినది మా అత్తగారి చీరె బొంత మీదనే.

చిల్లా నిండిన తరువాత, డిసెంబరులో, మమ్ములను తీసుకొని పోవటానికి అబ్బాయి మళ్ళీ వచ్చాడు. ఈసారి టిక్కెట్టు కొనేముందు తల్లికి ఫోను చేసి, నడిపేవారి పేరున్న పంక్తిని ఉర్దూలో చెప్పి మరీ కొన్నాడు. విమానం కార్డు ఇచ్చిన సంస్థదే. అయితే తీసుకొని పోవటానికి ఏమున్నది? గోందు, శొంఠి అయిపోయినవి. బొంతలు అయిదూ అక్కడే ఉండిపోయినవి. మా బట్టలు చేతిసంచులలో పట్టినవి. చిన్న పెట్టెను పెద్ద పెట్టెలో పెట్టి మూసి, ఒక్కటిగా తెచ్చాము.

కౌంటరులో అమ్మాయి టిక్కెట్టు చూసి, రుసుము సున్నా అన్నది. రెండు పెట్టెల వరకు మీకు ఉచితం, ఒక్కటేనా, అని కూడా అడిగినది. మా అబ్బాయి ఆ మాట తల్లికి తెలుగులో చెప్పాడు.

"రెండూ ఉచితమా?" అని ఆమె మళ్ళీ అడిగినది.

"రెండూ, అమ్మీ."

వెంటనే ఆ గచ్చు మీదనే కూర్చున్నది. తాళం తీసి, పెద్ద పెట్టెలో నుండి చిన్న పెట్టెను పైకి లాగి, ఖాళీ పెట్టెలు రెండింటినీ ప్రక్క ప్రక్కన త్రాసు మీద పెట్టించినది.