వాడ తోట

2020 డిసెంబరులో ఏలూరులో 600 మందికి పైగా ప్రజలు మూర్ఛ, తలతిరుగుడుతో ఆసుపత్రుల పాలయ్యారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ బయటపడ్డాయి. నిపుణులు పురుగుమందుల అవశేషాలను కూడా అనుమానించారు. నాటి నుండి దెందులూరులోని మా వాడలో కొన్న కూరగాయలను ఉప్పునీట నానబెట్టనిదే తరగరు.

మేము ఆరు కుటుంబాల వారము కలిసి రెండు సెంట్ల ఖాళీ స్థలంలో గోంగూర, బెండ, పుదీనా వేసుకున్నాము. పశువుల ఎరువు, వేపపిండి తప్ప మరేదీ వాడము. గుమ్మం దాటని వృద్ధురాళ్లు సైతం అస్ర్ నమాజు తర్వాత పాదులకు నీళ్లు పోయడానికి వస్తున్నారు. కోసిన తొలి కట్ట వాడలోని వితంతువుల ఇళ్లకు చేరాలన్నది మా నియమం.

అయితే రెండు సెంట్ల నేల ఆరు ఇళ్లకు ఏడాది పొడవునా కూర పెట్టదు. బియ్యం, పప్పు, ఉల్లి అంగడి నుండి రావలసిందే. వేసవిలో మనుషులకే నీటి కటకట. స్థలం యజమాని ఇల్లు మొదలుపెట్టిన నాడు మళ్లు తీసివేయవలసిందే. కొల్లేరుకు చేరే నీటిలో కలిసే రసాయనాలను మా గోంగూర మడి ఆపలేదు.

నాటిన మొక్క నుండి పక్షి తిన్నా అది సదఖాయేనని దైవప్రవక్త (స) బోధించారు. నేల లేనివారు కుండీలోనైనా పుదీనా నాటండి. దానితో పాటు, అంగడి కూరగాయలను పరీక్షించమని అధికారులను అడగడం కూడా మానకండి.