బీరువాలోని పాసుపుస్తకం

వానను నమ్ముకున్న సేద్యం ఏ ఏటి రాబడికీ ముందుగా మాట ఇవ్వదు గనుక, ఆత్మకూరు, ఉదయగిరి మెట్ట పల్లెల్లో చీరల మడతల నడుమ దాగే పోస్టాఫీసు పాసుపుస్తకాన్ని ఆ ఇంటి కోరికల చరిత్రగానూ చదవవచ్చు. 2015లో మొదలైన సుకన్య సమృద్ధి, అనగా పదేళ్లలోపు ఆడపిల్ల పేరిట ఖాతా తెరిచి 15 ఏళ్లపాటు సొమ్ము జమచేసే కేంద్ర ప్రభుత్వ పథకం, ఏడాదికి కనీసం 250 రూపాయలు అడుగుతుంది. పదో తరగతి దాటాక పైచదువుకు నిల్వలో సగం వరకు తీసుకోనిస్తుంది. ఆ అంకెల వెనుక కొనకుండా మానుకున్న గొలుసు, సున్నం పడని గోడ ఉంటాయి. వాటిని కుటుంబ త్యాగమనడం కొంత తొందరపాటే, ఎందుకంటే వాటిలో ఎన్నింటిని తల్లి ఒక్కతే వదులుకుందో పుస్తకం చెప్పదు. కొడుకు ఇంజనీరింగుకు పొలం తాకట్టు పెట్టిన ఇంట్లోనే కూతురి ఖాతా ఆమె పెళ్లి కోసం ఎదురుచూడటమూ కద్దు. పద్దెనిమిదేళ్లు నిండాక పెళ్లి కారణంగా ఖాతాను ముందే ముగించడానికి నిబంధనలూ ఒప్పుకుంటాయి.