పొగ వయసు

ఖమ్మం నుంచి కొత్తగూడేనికి తల్లాడ మీదుగా ఒక దారి, ఇల్లందు మీదుగా ఇంకో దారి. నేను ఇల్లందు దారే పట్టాను. తెలుగు నేలమీద బొగ్గు తవ్వకం మొదలైన ఊరు చూడకుండా బొగ్గు పొగ గురించి రాయకూడదనిపించింది.

భద్రాద్రి రాముడి దగ్గరికి నడిచిపోతున్న యాత్రికులు దారిలో నల్లరాళ్లు పేర్చి కట్టెలతో పొయ్యి రాజేస్తే రాళ్లే అంటుకున్నాయని ఇక్కడ చెప్పుకుంటారు. రికార్డుల్లో ఉన్నది వేరు: 1871లో జియాలజికల్ సర్వే తరఫున వచ్చిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు పొర గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది, 1889లో పని మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ ఏర్పడింది. నా మనసు మాత్రం ఆ పొయ్యి దగ్గరే ఆగింది. అడవి కట్టె, గని బొగ్గు ఒకే మంటలో కాలితే పైకి పోయే బొగ్గుపులుసు వాయువులో ఏది ఎవరిది? కంటికి తెలియదు. గొట్టానికి తగిలించే మామూలు గ్యాస్ మీటరుకూ తెలియదు.

అది చెప్పగలిగేది కార్బన్-14. విశ్వకిరణాల తాకిడికి పై వాతావరణంలో పుట్టే ఈ కార్బన్‌ను చెట్టు గాలితోపాటు పీల్చుకుంటుంది. లక్ష కోట్ల కార్బన్ పరమాణువుల్లో ఇది దాదాపు ఒక్కటి. చెట్టు చచ్చాక కొత్తది చేరదు. ఉన్నది 5,730 ఏళ్లకు సగమవుతుంది. సింగరేణి బొగ్గు పాతిక కోట్ల ఏళ్లకు పైబడిన అడవి. అందులో కార్బన్-14 జాడే ఉండదు. షికాగోలో విల్లార్డ్ లిబ్బీ 1949లో ఈ సూత్రంతో పాత వస్తువుల వయసు లెక్కకట్టి, 1960లో నోబెల్ అందుకున్నాడు. పాలమూరు వైపు, కాలిన పేడతో ఏర్పడిన ఉట్నూరు బూదిదిబ్బ వయసు తేల్చిందీ ఈ పద్ధతే. ఇప్పుడు అదే లెక్క పొగగొట్టాల దగ్గరికి వచ్చింది. అమెరికాలో 2004లో వచ్చిన ఏఎస్‌టీఎం డీ6866, పొగగొట్టాల కోసం తర్వాత వచ్చిన ఐఎస్‌ఓ 13833 ఇందుకు పెట్టుకున్న ప్రమాణాలు. కార్బన్-14 ఎంత ఉంటే అంత వంతు చెట్టుచేమలది, మిగతాది బొగ్గుది, చమురుది.

కొత్తగూడెం దాటి పాల్వంచలోకి వచ్చేసరికి కళ్లు కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం (కేటీపీఎస్) పాత కూలింగ్ టవర్ల కోసం వెతికాయి. ఎనిమిదింటినీ 2024 ఆగస్టులో కూల్చేశారు. 2018 డిసెంబరులో మొదలైన 800 మెగావాట్ల ఏడో దశ మాత్రం కిన్నెరసాని నీళ్లతో నడుస్తోంది. బొగ్గుతోపాటు పంట వ్యర్థాల గుళికలు కనీసం 5 శాతం కలపాలని కేంద్ర విద్యుత్ శాఖ 2021 అక్టోబరులో థర్మల్ కేంద్రాలకు విధానం ప్రకటించింది. వరిగడ్డి, పత్తికట్టె పొలాల్లో తగలబెట్టే బదులు బాయిలర్లోకి పోతే మంచిదే. కానీ ఎంత కలిపారన్నది ఎక్కడ చూడాలి? కాటా చీటీలో ఉంటుంది. చీటీ చెప్పేది లారీ బరువు, అందులో తేమ ఎంతో మట్టి ఎంతో చెప్పదు. గొట్టం నుంచి నెల పొడుగునా కొంచెం కొంచెంగా వాయువును క్షారద్రావణంలోకి పట్టి ప్రయోగశాలకు పంపితే, ఆ నెలంతా నిజంగా ఏం కాలిందో పరీక్ష చెబుతుంది. అక్కడ దాన్ని గ్రాఫైటుగా మార్చి, యాక్సిలరేటర్లో కార్బన్-14 పరమాణువులనే లెక్కపెడతారు. అలాంటి యంత్రాలు ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్లో, అహ్మదాబాద్‌లోని పీఆర్ఎల్‌లో ఉన్నాయి.

సారపాక చేరకముందే వాసన తెలిసింది, కుళ్లిన కోడిగుడ్డు లాంటి కాగితం మిల్లు వాసన. రోడ్డు పక్కన కర్ర ట్రాక్టర్లు వరసకట్టి ఉన్నాయి. తొక్క తీసిన సుబాబుల్ దుంగలు తెల్లగా, చివర్లు ఎండకు పగిలి, సన్నటి జిగురు బొట్లతో ఉన్నాయి. పక్క ట్రాలీలో జామాయిల్. ఐటీసీ మిల్లు 1979 నుంచి ఇక్కడ నడుస్తోంది. ఇక్కడ పుట్టిన భద్రాచలం క్లోన్ జామాయిల్ దేశమంతా పాకింది.

కర్రను క్షారంలో ఉడికించి గుజ్జు తీసే ఈ క్రాఫ్ట్ పద్ధతి మిల్లులో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా తోచేది సున్నం బట్టీ. సిమెంటు ఫ్యాక్టరీలో రాయి కాలితే వచ్చే వాయువు రాతిది, అందులో కార్బన్-14 సున్నా. ఇక్కడ అలా కాదు. కర్ర ఉడికించిన నల్లద్రావణం కాల్చినప్పుడు కర్రలోని కార్బన్ సోడాలోకి, సోడా నుంచి సున్నంలోకి చేరుతుంది. బట్టీలో ఆ సున్నం కాలినప్పుడు బయటికొచ్చేది చాలావరకు చెట్టు కార్బనే. చూస్తే తెల్లని రాతిపొడి, అందులోది మొన్నటి గాలి!

టీ కొట్టు దగ్గర ఓ రైతు పక్కన కూర్చున్నాను. సంగతి చెబితే ఓపిగ్గా విన్నాడు.

“నాలుగేళ్ల తోట సార్ మాది. పొగలో మా కర్ర తెలుస్తదా?”

“కర్రని తెలుస్తుందన్నా. మీ కర్రని తెలియదు.”

“మరి అడవిలో కొట్టుకొచ్చినోడిదీ, నాదీ ఒకటేనా?”

ఒకటే. ఈ పరీక్షకున్న హద్దు అదే, పొలానికీ అడవికీ మధ్యనున్న ఈ సరిహద్దులో అది చిన్న సంగతి కాదు. ఒకవైపు పట్టా చేలు, ఒకవైపు పోడు, ఆపైన రిజర్వ్ ఫారెస్టు. కార్బన్-14 ఇది ఈ కాలపు చెట్టు అంటుంది. నరికిన చోట మళ్లీ మొక్క నాటారా అంటే దాని దగ్గర జవాబు లేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. అణుబాంబు పరీక్షల వల్ల 1960ల మొదట్లో గాలిలో కార్బన్-14 దాదాపు రెట్టింపైంది. గాలిలో అలాంటి పరీక్షలను నిషేధించిన 1963 ఒప్పందం తర్వాత దిగుతూ వచ్చింది. అప్పటి వలయాలున్న ముసలి టేకు కాలితే వంద శాతానికి మించిన లెక్క వస్తుంది. అందుకే కాల్చిన చెట్టు వయసూ తెలియాలి.

గోదావరి వంతెన దాటి భద్రాచలం బంకులో కారు ఆపాం. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఈ 20 ఘనపరిమాణంలో. ఇథనాల్లో కార్బన్ బరువులో సగానికి కాస్త ఎక్కువ, పెట్రోల్లో 85 శాతం పైమాటే. లెక్కవేస్తే మొక్కల నుంచి వచ్చిన కార్బన్ 14 శాతం దాకా తేలుతుంది. పరీక్షలో కనబడేదీ ఆ 14 చుట్టూనే. కాగితం మీద 20 ఉంది కదా అని పొగ తగ్గింపు కూడా 20గా రాసుకుంటే తప్పు.

అందుకే నేను కోరేవి రెండు. గుళికలు కాల్చే ప్రతి కేంద్రం కాటా చీటీల పక్కన ఏడాదికోసారైనా గొట్టం దగ్గర తీసిన కార్బన్-14 ఫలితం పెట్టాలి. ఆ రెంటి పక్కన, కర్ర ఏ సర్వే నంబరు నుంచి వచ్చిందో చెప్పే కాగితం ఉండాలి. సారపాకలో రైతు అడిగిన ప్రశ్నకు ఆ మూడో కాగితంలోనే జవాబు దొరుకుతుంది.